కుండీకి మించిన పని

మే నెల మిట్టమధ్యాహ్నం. ఒకే నారుమడి నుంచి తెచ్చిన రెండు వంగ మొక్కల్లో ఒకటి పెరట్లో నేలలో ఉంది, రెండోది డాబా మీద నల్ల గ్రో బ్యాగులో ఉంది. రెంటికీ పొద్దున్నే నీళ్లు పోశారు. పన్నెండు దాటేసరికి డాబా మీది మొక్క ఆకులు వేలాడేస్తుంది. పెరట్లోది కాస్త వడిలినట్టు కనిపించినా పొద్దు వాలేసరికి తనంతట తానే తేరుకుంటుంది. విత్తనం ఒకటే, ఎండ ఒకటే, నీళ్లు పోసిన చెయ్యీ ఒకటే. తేడా అంతా నేల దగ్గరుంది. పెరట్లోని మొక్కకు నేల అడక్కుండానే కొన్ని పనులు చేసిపెడుతోంది. డాబా మీదికి మనం మట్టిని మోసుకెళ్లాం గాని ఆ పనులను మోసుకెళ్లలేదు.

మిద్దె తోట పెట్టుకోవడమంటే నేల చేసే పనులను మనం భుజానికెత్తుకోవడమే. వాటిలో కొన్ని కుండీలోనే చేసుకోవచ్చు. కొన్ని మాత్రం ఎంత పెద్ద కుండీలోనూ కుదరవు, ఒక్క ఇంటితోనూ అయ్యేవి కావు. పక్కింటివాళ్లతో కలిసి కూరగాయలు పండించుకోవడం మంచి అలవాటని అందరూ చెబుతారు. అలా కలవక తప్పని కారణాలు జీవశాస్త్రంలోనూ భౌతికశాస్త్రంలోనూ ఉన్నాయన్నది నేను చెప్పదలచుకున్న సంగతి. అయితే ముందు కుండీలో అయ్యే పనులు చూద్దాం.

మొదటిది వేడి. ఎండ ఎంత మండినా నేలలో మూరెడు లోతున పగటికీ రాత్రికీ వేడిలో తేడా దాదాపు ఉండదు. పైన మట్టి కాలుతున్నా వేళ్లు ఆ చల్లదనంలోకి దిగి బతుకుతాయి. గ్రో బ్యాగులో దిగడానికి చోటేదీ? పైనుంచి ఎండ, పక్కల నుంచి ఎండ, అడుగు నుంచి కాంక్రీటు సెగ. నీళ్లు పోసినా వేళ్లు వాటిని పీల్చుకోలేని స్థితి వస్తుంది. అందుకే ఎండాకాలంలో మొక్క వడిలిన ప్రతిసారీ చెంబుతో పరుగెత్తడం కన్నా, కుండీలను ఒకదానికొకటి ఆనించి గుంపుగా పెట్టడం, ఇటుకల మీద ఎత్తి నిలపడం, ఎండ తగిలే వైపు పాత గోనెసంచి చుట్టడం ఎక్కువ మేలు చేస్తాయి. మట్టి పైన నాలుగు వేళ్ల మందాన ఎండుటాకులు పరిస్తే నీరు ఆవిరయ్యే వేగమూ తగ్గుతుంది. కాల్చిన మట్టి కుండీ గోడల గుండా నీరు చెమర్చి ఆవిరవుతూ లోపలి మట్టిని చల్లబరుస్తుంది. కూజా నీళ్లు చల్లబడేదీ ఇలాగే. ప్లాస్టిక్ తొట్టికి ఆ గుణం లేదు.

రెండోది నీరు. ఇక్కడ చాలామంది నమ్మే ఒక పద్ధతిని మార్చుకోవాలి. కుండీ అడుగున గులకరాళ్లో ఇటుక ముక్కలో కుండ పెంకులో రెండు మూడంగుళాల మందాన వేస్తే నీళ్లు బాగా దిగిపోతాయని తాతల నాటి నుంచీ అనుకుంటున్నాం. నిజానికి జరిగేది వేరు. ఒక చిన్న ప్రయోగంతో దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. గిన్నెలు తోమే పలకలాంటి స్పాంజిని నీళ్లలో బాగా నానబెట్టండి. పడుకోబెట్టినట్టుగా, అంచులు పట్టుకుని పైకెత్తి కారేదంతా కారనివ్వండి. చివరి చుక్క ఆగాక దాన్ని నిలువుగా తిప్పండి. మళ్లీ నీళ్లు కారతాయి. ఎవరూ పిండలేదు, నీళ్లు కలపలేదు. మరి ఎక్కడివి?

సన్నని రంధ్రాల్లో నీరు గోడలను అంటిపెట్టుకుని గురుత్వాకర్షణకు ఎదురు నిలుస్తుంది. దాంతో అడుగు నుంచి కొంత ఎత్తు దాకా ప్రతి రంధ్రం నిండుగానే ఉండిపోతుంది. ఆ ఎత్తు రంధ్రాల సన్నదనాన్ని బట్టి ఉంటుందే తప్ప స్పాంజి ఎంత పొడుగుందన్న దాన్ని బట్టి కాదు. పడుకోబెట్టినప్పుడు స్పాంజి మందమంతా ఆ ఎత్తులోనే ఉంది. నిలబెట్టినప్పుడు పైభాగం దాన్ని దాటింది కనుక అక్కడి నీరు కిందికి దిగింది. కుండీ మట్టిలోనూ అంతే. అడుగున ఎప్పుడూ ఒక తడి పొర ఉంటుంది, అందులో గాలి ఉండదు, గాలి లేనిచోట వేళ్లు కుళ్లుతాయి. గులకరాళ్లు పోస్తే ఏమవుతుంది? సన్న మట్టి నిండా తడిస్తే తప్ప నీరు పెద్ద ఖాళీలున్న రాళ్ల పొరలోకి దూకదు. కాబట్టి తడి పొర పోదు, రాళ్ల మీదికి జరుగుతుంది. వేళ్లకు మిగిలిన చోటు ఇంకా తగ్గుతుంది. మట్టి జారిపోకుండా రంధ్రం మీద ఒక్క పెంకు బోర్లిస్తే చాలు. ఇదే కారణంగా వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే తొట్టిలో మట్టి గుల్లగా ఉండాలి. ఎర్రమట్టి, బాగా చివికిన ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్లలో కలపమనడం ఇందుకే. నల్లరేగడి ఒక్కటే తెచ్చి నింపితే చేలో బంగారం పండించే ఆ మట్టే కుండీలో బురదై, ఆపైన ఇటుకై కూర్చుంటుంది.

మట్టి బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తడిసిన తోట మట్టి ఘనపు మీటరుకు సుమారు 1800 కిలోలు తూగుతుంది. అంటే 15 సెంటీమీటర్ల మందాన మిద్దెంతా పరిస్తే చదరపు మీటరుకు 270 కిలోలు. మనుషులు తిరిగే పైకప్పుకు మన దేశపు నిర్మాణ ప్రమాణం ఐఎస్ 875 లెక్కలోకి తీసుకోమనే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోల దగ్గరే ఉంది. కొబ్బరిపొట్టు, కంపోస్టు కలిపి బరువు తగ్గించుకోవడం, బరువైన తొట్లను దూలాల మీదికి, గోడల పక్కకి జరపడం, పాత కట్టడమైతే ఇంజనీరుకు చూపించడం తప్పనిసరి.

మూడోది పోషకాలను పట్టి ఉంచడం. బంకమన్ను రేణువుల మీద, బాగా చివికిన సేంద్రియ పదార్థం మీద రుణావేశం ఉంటుంది. పొటాషియం, కాల్షియం, అమ్మోనియం వంటివి ధనావేశమున్న అయాన్లు కనుక వాటికి అతుక్కుని నిలుస్తాయి. మొక్క ఇష్టంగా తీసుకునే నైట్రేటుది మాత్రం రుణావేశం. అది నీటి వెంట జారిపోతుంది. పొలంలో కిందికి జారిన నైట్రేటును లోతు వేళ్లు అందుకుంటాయి. కుండీలో రంధ్రం దాటిందంటే డాబా తూము గుండా వీధి కాలువలో కలుస్తుంది. రోజూ నీళ్లు పోసే కుండీకి నెలకోసారి గుప్పెడు యూరియా వేయడంలో పెద్దగా ఫలితం లేదని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలు. నత్రజని సేంద్రియ రూపంలో ఉంటే సూక్ష్మజీవులు దాన్ని కొద్దికొద్దిగా విప్పి ఇస్తాయి, మొక్క ఆ కొద్దిని అప్పటికప్పుడు తీసుకుంటుంది. మిద్దె తోటకు కంపోస్టు ఎరువు మాత్రమే కాదు, ఎరువును దాచే గిడ్డంగి కూడా.

కంపోస్టు దగ్గరే మొదటిసారి ఒక్క ఇంటి కొలత సరిపోదు.

నలుగురున్న ఇంట్లో రోజుకు కిలో అటూ ఇటూగా తడిచెత్త వస్తుంది. కూరగాయల తొక్కలు, టీ పొడి, మిగిలిన అన్నం. దీన్ని చివికించే బ్యాక్టీరియా, బూజు తమ దేహం కట్టుకోవడానికి ఒక పాలు నత్రజనికి ఎనిమిది పాళ్ల దాకా కర్బనం వాడుకుంటాయి. శక్తి కోసం దాదాపు మరో రెండింతల కర్బనాన్ని కాల్చేస్తాయి. మొత్తం మీద ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కర్బనం ఉంటే పని చురుగ్గా సాగుతుంది. వంటింటి చెత్తలో కర్బనం అంత ఉండదు. మిగిలిపోయిన నత్రజని అమ్మోనియాగా గాలిలోకి పోతుంది. ఇంట్లో కంపోస్టు డబ్బా పెట్టి వాసనకు విసిగి మానేసినవాళ్లకు నిజంగా తక్కువైంది ఎండుటాకులు. బకెట్టు చెత్తకు రెండు బకెట్ల ఎండుటాకులు కలిపితే వాసన చాలావరకు అణుగుతుంది. ఆ ఎండుటాకులు వీధిలో రోజూ ఊడ్చి తగలబెడుతున్నవే. ఆ పొగ చూసినప్పుడల్లా ఎంత విలువైనది బూడిదవుతోందోనని నాకు బాధ కలుగుతుంది.

ఇక వేడి. సూక్ష్మజీవులు కర్బనాన్ని కాల్చినప్పుడు పుట్టే వేడి కుప్పలో నిలిస్తే 55, 60 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడి కొన్ని రోజులు నిలిస్తే కలుపు గింజలు, ఈగల గుడ్లు, తెగులు కలిగించే క్రిములు చాలావరకు చస్తాయి. ఎక్కడ నిలుస్తుందన్నది కుప్ప పరిమాణాన్ని బట్టి తేలే లెక్క. అడుగు పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న డబ్బాలో ఒక ఘనపుటడుగు చెత్త, దాని చుట్టూ వేడి కోల్పోయే ఉపరితలం ఆరు చదరపుటడుగులు. ఇదే కుప్ప మూడడుగుల కొలతతో ఉంటే 27 ఘనపుటడుగుల చెత్తకు 54 చదరపుటడుగుల ఉపరితలం, అంటే ఘనపుటడుగుకు రెండే. వేడి పోయే దారి మూడో వంతుకు తగ్గింది. అందుకే మూడడుగుల కుప్పలో చెయ్యి పెట్టలేం, అడుగు డబ్బా పెద్దగా వేడెక్కదు. ఒక్క ఇల్లు మూడడుగుల కుప్ప నింపాలంటే నెలల తరబడి పడుతుంది, అప్పటికి అడుగున వేసింది చల్లారి మట్టయిపోతుంది. నలభై ఇళ్ల అపార్టుమెంటుకు వారం పది రోజులు చాలు.

చిన్న డబ్బా పనికిరాదని కాదు. అందులో వానపాములు వేస్తే వేడి లేకుండానే చక్కటి ఎరువు తయారవుతుంది. నిజానికి వేడెక్కే కుప్పలో అవి బతకలేవు కూడా. తెగులు సోకిన టమాటా మొక్కను, గింజ కట్టిన కలుపును మాత్రం ఆ డబ్బాలో వేయకూడదు. వాటిని భరించేది పెద్ద కుప్పే.

ఈ కుప్పను శాస్త్రీయంగా కూర్చడం మన దేశంలోనే జరిగింది. 1905లో బిహార్‌లోని పూసాకు వృక్షశాస్త్రజ్ఞుడిగా వచ్చిన ఆల్బర్ట్ హోవర్డ్, 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేస్తూ పంట వ్యర్థాలు, పశువుల పేడ, మూత్రం తడిసిన మట్టి, కట్టెల బూడిద పొరలుగా పేర్చి, గాలి తగిలేలా మధ్యమధ్య తిరగేసి, మూడు నెలల్లో ఎరువుగా మార్చే పద్ధతిని స్థిరపరిచాడు. 1931లో యశ్వంత్ వాడ్‌తో కలిసి దానిమీద పుస్తకం రాశాడు. భారతీయ రైతులనూ వాళ్ల పొలాల్లోని పురుగులనూ తన గురువులుగా చెప్పుకున్న మనిషి ఆయన. ఇండోర్ పద్ధతి అని ప్రపంచమంతా పిలిచే ఈ పని మన అపార్టుమెంటు వెనక గోడ పక్కన, పశువులు లేకపోయినా, కాస్త పాత కంపోస్టునో పేడనీళ్లనో తోడుగా చల్లి చేసుకోవచ్చు.

ఒక నగరమే ఈ దారి పట్టిన సందర్భం క్యూబా రాజధాని హవానాలో ఉంది. 1990 ప్రాంతంలో సోవియట్ యూనియన్ కూలిపోవడంతో ఆ దేశానికి చమురు, ఎరువులు, పురుగుమందులు, తిండిగింజలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. ట్రాక్టర్లకు డీజిల్ లేదు, ఊళ్ల నుంచి కూరగాయలు తెచ్చే లారీలకూ లేదు. జనం బక్కచిక్కిపోయారు. అప్పుడు నగరంలోని ఖాళీ స్థలాల్లో, శిథిలాలు పడి ఉన్న చోట్ల, కాంక్రీటు పలకలతో మోకాలి ఎత్తు లేని గోడలు కట్టి, మధ్యలో కంపోస్టు, మట్టి కలిపి నింపి మడులు చేశారు. వాటిని ఆర్గానోపోనికో అంటారు. హవానా తూర్పున బహుళ అంతస్తుల ఇళ్ల మధ్య 1997లో మొదలైన అలమార్ సహకార తోట పది హెక్టార్లకు పైగా పెరిగి, నూటయాభై మంది దాకా పనిచేసే స్థాయికి వచ్చింది. ఆకుకూరలు, కూరగాయలు పండించి పక్క భవనాల వాళ్లకే అమ్ముతారు. ఇంతకన్నా నన్ను ఆకట్టుకునేది మరొకటి. చీడపురుగులను తినే పురుగులను, చీడపురుగులకు జబ్బు చేసే బూజులను పెంచి తోటలకు ఇచ్చే చిన్న కేంద్రాలను దేశమంతటా రెండు వందలకు పైగా నడిపారు. పేనుబంకను తినే అక్షింతల పురుగు ఒక కుండీలో స్థిరపడదు. దానికి ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట తిండి దొరకాలి. అది ఒక వీధి మొత్తానికి సంబంధించిన విషయం.

హవానా కథను పెంచి చెప్పడం కూడా తప్పే. క్యూబా ఇప్పటికీ తినే తిండిలో ఎక్కువ భాగం దిగుమతి చేసుకుంటోంది. మడుల్లో బియ్యం పండదు. మన మిద్దె మీదా వరి, కంది పండించి బతకలేం. ఆకుకూరల లెక్క మాత్రం కుదురుతుంది. మనిషికి రోజుకు 100 గ్రాముల ఆకుకూర మంచిదన్నది పోషకాహార నిపుణుల మాట. నలుగురికి నెలకు 12 కిలోలు. తోటకూర విత్తిన నెలలోపే కోతకు వస్తుంది. బచ్చలి, గోంగూర, పుదీన కోసే కొద్దీ చిగురిస్తాయి. అంగడి దాకా వెళ్లే ఆకుకూర కోసిన గంట నుంచే తేమనూ విటమిన్ సీనీ పోగొట్టుకుంటూ ఉంటుంది. మిద్దె మీద కోసి దించేదానికి ఆ నష్టం ఉండదు. మొదటి ఏడాది ఆకుకూరలు, మిరప, కరివేపాకుతో ఆగమనే నేను చెబుతాను. పాదులు రెండో ఏడాది పెట్టుకోవచ్చు.

పాదులు పెట్టినవాళ్లందరి ఫిర్యాదు ఒకటే. బీర, సొర, కాకర నిండా పూస్తాయి, పిందెలు పసుపెక్కి రాలిపోతాయి. ఎరువు చాలలేదని ఇంకాస్త వేస్తారు. ఆకులు మరింత గుబురవుతాయి, పిందెలు మామూలుగానే రాలతాయి. కారణం పుప్పొడి అందకపోవడం. ఈ పాదుల్లో మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. ఆడ పువ్వు కింద పుట్టుకతోనే చిన్న పిందె ఉంటుంది, అందుకే కాయ పట్టిందని పొరబడతాం. పువ్వు విచ్చి ఉండే ఆ కొద్ది గంటల్లో పుప్పొడి చేరకపోతే ఆ పిందెకు ఆయుష్షు లేదు. అరకొరగా చేరితే కాయ ఒకవైపే లావెక్కి వంకర తిరుగుతుంది, దోసలో ఇది బాగా కనిపిస్తుంది. వేళ కూడా ముఖ్యం. కాకర పొద్దున పూస్తుంది. బీర సాయంత్రం విచ్చుకుంటుంది. సొర, పొట్ల తెల్ల పువ్వులతో చీకటిలో వచ్చే చిమ్మెటల కోసం ఎదురుచూస్తాయి. పొద్దున్నే తోటకెళ్లి బీర పువ్వులు వెతికేవారికి అప్పటికే ముడుచుకున్నవి దొరుకుతాయి.

చేత్తో మగ పువ్వు కోసి ఆడ పువ్వుకు అద్దడం తేలికే. అయితే ఒకే పాదు ఉన్న ఇంట్లో ఆడ పువ్వు పూసిన రోజున మగ పువ్వు ఉంటుందన్న భరోసా లేదు. మూడో అంతస్తులో ఒకే పాదు కోసం తేనెటీగ ఎగిరి రావడమూ అరుదు. దానికి ఒక ప్రయాణానికి సరిపడా పూలు కావాలి. వరుసగా నాలుగు డాబాల మీద బంతి, తులసి, పాదులు ఉంటే తేనెటీగలు ఆ దారి పడతాయి. టమాటా, వంగ పువ్వుల్లో పుప్పొడి బాగా రాలాలంటే వాటిని గట్టిగా అదిలించే తుమ్మెదలు ఉంటే మేలు. వాటికి గూడు ఎండిన వెదురులోనో పాత కొయ్యలోనో ఉంటుంది. వీధిలో ఎండుకొమ్మ ఒక్కటీ మిగల్చకుండా శుభ్రం చేస్తే వాటికి ఇల్లు పోతుంది.

చివరిగా విత్తనం. టమాటా, చిక్కుడు, అలసంద దాదాపు తమ పుప్పొడితో తామే కాస్తాయి కనుక ఒక్క మంచి మొక్క నుంచి కూడా గింజ దాచుకోవచ్చు, హైబ్రిడ్ కాకపోతే చాలు. పాదుల సంగతి అలా కాదు. విత్తనం కోసం పండించే బీరలోనూ సొరలోనూ ఒక రకానికీ మరో రకానికీ మధ్య అర కిలోమీటరు నుంచి కిలోమీటరు దాకా దూరం పాటిస్తారు. మన డాబాకూ పక్క డాబాకూ పదడుగులు. పక్కింటి సొర పుప్పొడి మన పువ్వుకు చేరితే ఈ ఏటి కాయ రుచి మారదు. కాయ కండ తల్లి మొక్కదే. మార్పు గింజలో దాగి ఉంటుంది, వచ్చే ఏడు బయటపడుతుంది. గుండ్రని కాయలకు కోల కాయలు వస్తే నష్టం లేదు. చేదు వస్తే ప్రమాదం. సొరలో చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్లు వాంతులు, రక్తస్రావం దాకా తీసుకెళ్లగలవు. చేదు సొరరసం తాగి ప్రాణాలు పోయిన ఘటనల తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు దాన్ని తాగవద్దని హెచ్చరించారు. దాచిన గింజల మొక్క నుంచి తొలి కాయ కోసినప్పుడు చిన్న ముక్క నాలుకకు తాకించి, చేదుంటే ఉమ్మేసి, కాయనూ పాదునూ పారేయాలి. వండితే పోతుందనుకోవద్దు.

దూరం లేని చోట కూడా శుద్ధమైన గింజ తీసే ఉపాయం ఉంది. మర్నాడో ఆ సాయంత్రమో విచ్చుకోబోయే ఆడ మొగ్గను, అదే రకానికి చెందిన మగ మొగ్గలను దారంతో కట్టేస్తారు. వేళకు విప్పి, చేత్తో పుప్పొడి అద్ది, ఆడ పువ్వును మళ్లీ కట్టి, కాడకు గుర్తుగా రంగు గుడ్డ ముడి వేస్తారు. ఆ కాయను కూరకు కోయకుండా తీగ మీదే ఎండనిస్తారు. ఒక్క పాదు నుంచే ఏటేటా గింజ తీస్తూ పోతే రకంలోని వైవిధ్యం సన్నగిల్లుతుంది కాబట్టి ఐదారు ఇళ్లు ఒకే రకం పెట్టి, ఒక్కో ఇల్లు ఒక్కో కాయను గింజకు వదిలి, చివర అన్నీ కలపాలి.

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1980ల నుంచి చేస్తున్నదీ ఇలాంటి పనే, పెద్ద ఎత్తున. దళిత మహిళా రైతులు జొన్న, కొర్ర, సజ్జ, కంది, అనుముల వంటి పాత రకాలను కలిపి విత్తి, గింజను ఊరి విత్తన బ్యాంకులో దాచి, కావలసినవారికి ఇస్తారు. తీసుకున్నవారు పంట వచ్చాక తీసుకున్నదానికన్నా ఎక్కువ కొలిచి తిరిగి పోస్తారు. 2019లో ఈ పనికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అక్కడి గింజలు బూడిదలో, వేపాకులో దాగుతాయి. మన అపార్టుమెంటుకు మూత గట్టిగా ఉన్న డబ్బా, లోపల బూడిద మూట, పైన రకం పేరు, ఏడాది రాసిన చీటీ సరిపోతాయి.

తొలకరికి ముందు పంచేటప్పుడు ఒక్కో రకం నుంచి 20 గింజలు తీసి తడిగుడ్డలో కట్టి వారం పది రోజులు చూడాలి. 16కు పైగా మొలిస్తే గుంటకు రెండేసి గింజలు చాలు. పది పన్నెండే మొలిస్తే నాలుగేసి పెట్టుకోమని ఇస్తున్నప్పుడే చెప్పాలి, ఆ ఏడు ఎక్కువ ఇళ్లు ఆ రకం కాయను గింజకు వదిలేలా ముందుగానే మాట్లాడుకోవాలి.